ఎనిమిదవ పాలు

(ఏనుగుల వీరాస్వామయ్య స్మారకోపన్యాస పాఠము)



చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాషీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని పరివారసమేతముగా బయలుదేరి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయయు, కలకత్తాయు, జగన్నాథమును చూచుకొని, తూర్పుతీరపు బాటవెంట 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరల ఇల్లు చేరుకొనిరి. దారిపొడవునను ఆయన తన మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపుచువచ్చిన దినచర్యయే, ఆయన స్వర్గస్థులైన రెండేండ్లకు, 1838లో, కాశీయాత్ర చరిత్ర యను పేర అచ్చుపడినది.

ఆ పుస్తకమును పండితులు భాషకొరకును, చరిత్రకారులు కంపెనీనాటి సంగతులకొరకును చదువుదురు. నేను మజిలీలకొరకు చదువుదును. ఏ ఊర బసకు చోటున్నది, ఎక్కడి అంగళ్లలో బియ్యము దొరకును, ఎక్కడి నీరు ఒంటికి పడును, ఏ యేరు ఎట్లు దాటవలెను అను ఇట్టి చిల్లరసంగతులను ఆయన వేదాంతవిచారమునకు తీసిపోని శ్రద్ధతో వ్రాసిపెట్టినారు. తన వెనుక వచ్చువాడు తాను పడిన అవస్థ పడరాదను తలంపు ఆ పుటలలో అడుగడుగునను కానవచ్చును. నేటి పర్యాటకశాఖలవారు నున్నని కాగితముమీద రంగులతో అచ్చొత్తించు కరపత్రములలో వెదకినను దొరకనిది సరిగా ఆ తలంపే.

ఇంకొక సంగతియు గలదు. ఆయన దాటినది ఒక్క రాజ్యము గాదు. కంపెనీ సీమ విడిచిన వెనుక కందనూరు నవాబుగారి యేలుబడి, అటుపై నైజాము, ఆపై నాగపురపు భోసలేల రాజ్యము, అది దాటినచో మరల కంపెనీ సీమ. ఎల్ల దాటినకొలదిని చెల్లుబడి నాణెము మారును, సుంకపు చౌకి ఎదురగును, చేతులు చాచు బంట్రోతు మాత్రము మారడు. ప్రయాగలోను, గయలోను, జగన్నాథములోను యాత్రికులమీద పన్ను వసూలుచేసినది మరెవ్వరో కాదు, ధర్మప్రభువులని పేరు పెట్టుకొన్న కంపెనీ దొరలే. 1840వ సంవత్సరమున గాని ఆ పన్ను రద్దుకాలేదు. కాబట్టి ఎల్లలమీదుగా సాగెడి యాత్రనుగూర్చియు, ఎల్లకు ఇరుప్రక్కలనున్న ప్రభుత్వములును జనులును కలిసి ఆ యాత్రను సుగమము చేయు విధమునుగూర్చియు ఆయన పేర జరిగెడి ఈ సభలో ముచ్చటించుట అప్రస్తుతము గాదని తలచుచున్నాను.

దేశములనడుమ పర్యాటకసహకారమనగానే శిఖరసమ్మేళనములును, ఒడంబడికలును, దీపములు వెలిగించి తీయించుకొను ఛాయాచిత్రములును మనసున మెదలును. వాని పట్టిక చదివి మీకు విసుగు పుట్టింపను. ఒక్క దారిని మాత్రము తీసికొందును. గోరఖపురమునుండి సునౌలి మీదుగా నేపాలదేశపు లుంబినికి పోవుదారి. ఈ దారినిగూర్చి నేను చెప్పదలచిన మాటయు ఒక్కటే: యాత్ర ఒకటి, పద్దులు రెండు, చిక్కంతయు అక్కడనే యున్నది.

లుంబినీవనమున నేటికిని నిలిచియున్న అశోకస్తంభము 1896 డిసెంబరులో బయల్పడినది. పాల్పా ప్రాంతపు నేపాల అధికారియగు ఖడ్గశమ్‌శేరును, ఇటునుండి పోయిన పురావస్తుశాఖ ఉద్యోగి ఫ్యూరరును అచ్చట కలిసికొన్నప్పుడు నేలలో పూడియున్న భాగము త్రవ్వగా శాసనము కన్పట్టినది. ఈ ఫ్యూరరు తరువాత కొలదికాలమునకే కల్లసాక్ష్యములు పుట్టించినవాడని తేలి కొలువు విడువవలసివచ్చెను గాని, స్తంభమునకు ఆ దోషమంటలేదు. శాసనము చిన్నది. పట్టాభిషిక్తుడైన యిరువదియేండ్లకు తాను స్వయముగా ఇచ్చటికి వచ్చి పూజచేసినట్లును, శాక్యముని జన్మించిన చోటిది గనుక రాతిస్తంభము నిలిపినట్లును, ఆ లుంబినీ గ్రామమునకు బలి యను పన్ను మాన్పి, పంటలో రాజునకు రావలసిన పాలును ఎనిమిదవ వంతునకు తగ్గించినట్లును దేవానాంప్రియుడు, అనగా అశోకుడు, చెప్పుచున్నాడు. ధర్మశాస్త్రములు రాజునకు ఆరవ పాలు విధించినవని మీరెరుగుదురు.

ఈ శాసనమును బౌద్ధులు జన్మస్థలనిర్ణయమునకు ప్రమాణముగా చదువుదురు, అది న్యాయమే. పర్యాటకవిషయమున నాకు అంతకన్న ముఖ్యముగా తోచినది కడపటి మాట. ఎంతటి చక్రవర్తియైనను ఆ దినమున అశోకుడు యాత్రికుడు. యాత్రికుడు వచ్చిన ఊరికి ఏమి మిగిలెనను ప్రశ్న ఆయనకు తోచినది. పరివారముతో ఒక రాజు వచ్చిపోయిన పల్లెకు మామూలుగా మిగులునవి త్రొక్కుడుపడిన చేలును, ఖాళీయైన గాదెలును. ఆయన పోవుచు పన్ను తగ్గించిపోయెను. రెండువేలయేండ్లకు పైబడిన తరువాత సిద్ధాంతకారులు పెద్దపెద్ద పేర్లతో చెప్పుచున్న స్థానికప్రజల లాభమనునది ఇంతకన్న వేరు గాదు.

ఎనిమిదవ పాలనగానే కుశీనగరపు కథ జ్ఞప్తికి వచ్చును. బుద్ధుని పరినిర్వాణానంతరము ధాతువులు మావి యనుచు ఆ ఊరి మల్లులు పట్టుబట్టిరట. మగధనుండి అజాతశత్రువును, వైశాలినుండి లిచ్ఛవులును, కపిలవస్తువునుండి శాక్యులును, రామగ్రామమునుండి కోలియులును, మరికొందరును మాకును హక్కున్నదని దూతలను పంపిరట. శాంతిబోధకుని యెముకలకొరకు యుద్ధము తప్పదనిపించిన ఆ వేళ ద్రోణుడను బ్రాహ్మణుడు నడుమ నిలిచి ఎనిమిది సమభాగములు చేసి పంచి, కొలిచిన పాత్రను మాత్రము తాను పుచ్చుకొనెనని గాథ. ఆ ఎనిమిది స్తూపములున్న చోటులలో కొన్ని నేడు భారతదేశమున నున్నవి, రామగ్రామమువంటిది నేపాలమున నున్నది. పంచిపెట్టిన ద్రోణుడు లేడు. పంపకమునుగూర్చిన తగవు మాత్రము అప్పుడప్పుడు మరల లేచుచున్నది.

కపిలవస్తువు సంగతియే చూడుడు. సిద్ధార్థుడు ఇరువదితొమ్మిదియేండ్లు పెరిగిన పురము నేపాలములోని తిలౌరాకోటయని 1899లో అచ్చట త్రవ్వకము జరిపిన పి.సి. ముఖర్జీ నిర్ణయించెను. అంతకు మునుపటి సంవత్సరమే, ఎల్లకు ఇటువైపున పిప్రహ్వాలో జమీనుదారు పెప్పే స్తూపమును త్రవ్వించి రాతి పెట్టెను, అందులో ధాతువులున్న భరిణెలను, మణులను వెలికితీసెను. 1970ల త్రవ్వకములలో దొరకిన ముద్రికలనుబట్టి కపిలవస్తువు మాదేయని మనవారును చెప్పుకొనుచున్నారు. రెండు చోటులకును నడుమ దూరము కాకిదారిన ఇరువది కిలోమీటర్లు మించదు. రెండు దేశముల పర్యాటకశాఖలును రెండు కపిలవస్తువులకు దారిచూపు పలకలు నాటినవి. చూడవచ్చిన జపాను ముదుసలికి ఏ పలక నమ్మవలెనో తోచదు. పండితుల వాదము పండితులకు విడిచి, ఈ రెండును శాక్యసీమలోనివేయనియు, ఒక్క దినమున రెండును చూడవచ్చుననియు ఒకే పటమున అచ్చువేయుటకు ఏ శాస్త్రమును అడ్డురాదు. అడ్డువచ్చునది వేరు. పిప్రహ్వాకు లుంబినికి దగ్గరిదారి కకరహవా మీదుగా నున్నది. అచ్చటి రైతులు సైకిలుమీద కూరగాయల గంపలతో దినమునకు రెండుమార్లు దాటుదురు. విదేశీయుని వీసామీద ముద్రవేయు కచేరి మాత్రము సునౌలిలో నున్నది. పదునైదు కిలోమీటర్ల దూరమునకు అతడు చుట్టు తిరిగి పోవలెను.

ఇక సునౌలి. గోరఖపురమునుండి ఉత్తరముగా బస్సులో రెండుమూడు గంటల దారి. 1950 జూలై 31వ తేదీ సంధినాటినుండి భారతీయులకును నేపాలీయులకును ఒకరి దేశమునకొకరు పోవుటకు వీసా అక్కరలేదు; పదునేడువందల కిలోమీటర్లకు పైబడిన ఆ ఎల్ల బహిరంగముగా నున్నది. ఇట్టి సరిహద్దు ప్రపంచమున అరుదు. అయినను తెరచియున్న తలుపు వేరు, దారి వేరు. దీనిని నేను పుస్తకములలో గాక బస్సులో నేర్చుకొంటిని.

2020వ సంవత్సరారంభమున, మాఘమాసములో, కాశికి పోయిన మా గోదావరిజిల్లాల బ్యాచితో నేనును ఆ దారిన పోతిని. మంచు దట్టముగా పట్టి, ఎదుటి లారీ వెనుకదీపములు తప్ప మరేమియు కనరాకుండెను. లారీల వరుస ఊరి వెలుపలనుండియే మొదలయ్యెను. మా డ్రైవరు కాగితముల కట్ట చంకన పెట్టుకొని భన్సారు కిటికీకి పోయెను. భన్సారనగా నేపాలీలో సుంకపు కచేరి. బండిని ఆ దేశమున నడుపుటకు కట్టవలసిన సుంకము యాత్రకింత యని గాదు, దినమునకింత యని లెక్క. ఈ చిన్న మాటయందే లుంబిని దుఃఖమంతయు ఇమిడియున్నది. రాత్రి అచ్చట నిలిచినచో రెండవ దినపు సుంకమును కట్టవలెను గనుక, మా ట్రావెల్స్ మేనేజరు ఉదయము దాటుట, మూడుగంటలలో దర్శనము, చీకటిపడకమునుపే మరల గోరఖపురము అని ఏర్పాటుచేసెను. ఆయనది పిసినారితనమని నేననను. దినపు లెక్కన పద్దు వ్రాయించు ప్రభుత్వము ఆయనచేత అట్లు చేయించుచున్నది. ఫలితముగా సింహద్వారము దగ్గర టీకొట్టువానికి నలుబదిరెండు టీలు అమ్ముడుపోవును. లుంబినిలోని సత్రములవారికి, హోటళ్లవారికి, రిక్షావారికి బస్సులు లేపిన దుమ్ము మిగులును. అశోకుడు ఎనిమిదవ వంతుకు తగ్గించిన చోట మనము దినమునకింత యని ఎక్కించుచున్నాము.

మా బ్యాచిలో కోనసీమ బామ్మగారొకరుండిరి. ఆమె ప్రయాణపు సొమ్మంతయు అయిదువందల నోట్లుగా చేరుమాలున మూటగట్టి కొంగున ముడివేసికొనియుండిరి. 2018 చివర నేపాల ప్రభుత్వము నూరురూపాయలకు మించిన భారతీయపు నోట్లు తమ దేశమున చెల్లవని ఉత్తరువు చేసియుండెను. మన దేశమున 2016లో నోట్లు రద్దయినప్పుడు అచ్చటివారి చేతులలో చిక్కుపడిపోయిన పాతనోట్ల చేదు అందుకు కొంత కారణము. ఈ సంగతి మాకెవ్వరును చెప్పలేదు. ఎల్లకు ఇవతల చిల్లర మార్చు కుర్రవాడు నూటికి అయిదు తరుగు కోసికొని నూరురూపాయల నోట్లు లెక్కపెట్టుచుండగా, బామ్మగారు, "ఇంత దూరమొచ్చి గాంధీగారిని కూడా ఒప్పుకోరా వీళ్లు?" అనిరి. వీరాస్వామయ్యగారి కాలమున ఎల్ల దాటినప్పుడెల్ల సాహుకారులు తరుగు కోసిన నాణెముల కథ నాకు జ్ఞప్తికి వచ్చినది. 2024 మార్చినుండి మన యూపీఐతో నేపాలపు అంగళ్లలో చెల్లింపు చేయవచ్చునను ఏర్పాటు జరిగినది. ఎన్ని ఉమ్మడి ప్రకటనలకన్నను ఆ చతురస్రపు నల్లగీతల బొమ్మ యాత్రికునికి మేలుచేసినదని నేను తలచుచున్నాను. అయితే అది మనుమలకు పనికివచ్చును. బామ్మగారి కొంగుముడికి పనికిరాదు.

మా పక్క వరుసలో తెల్లచీరలు గట్టిన సింహళోపాసికలు ఇరువదిమంది నిలిచియుండిరి. బుద్ధగయ, సారనాథము, కుశీనగరము చూచుకొని లుంబినికి పోవుచున్నవారు. వారిలో ఒక వృద్ధురాలు మాత్రము వరుసనుండి వెలుపలికి వచ్చి టీకొట్టు బల్లమీద కూర్చుండెను. ఆమె వీసాకు ఏజెంటు ఒక్క పర్యాయపు ప్రవేశమే వ్రాయించెనట. ఎల్ల దాటుట సులభమే. దాటినచో తిరిగి భారతదేశమునకు వచ్చి విమానమెక్కుటకు వీలులేదు. సముద్రము దాటి, పదునైదుదినములు బస్సులలో కుదిలి, జన్మస్థానమునకు ఇరువదియైదు కిలోమీటర్ల దూరమున ఆమె నిలిచిపోయెను. తప్పెవ్వరిదని అడుగుట నిరర్థకము. ఆ గీతకు అటు ఇటు ఉన్న ఉద్యోగులు మర్యాదగానే మాటలాడిరి. ఎవరి పుస్తకమును వారు చూపిరి. రెండు పుస్తకములలోను ఆమె యాత్ర లేదు.

ఆమె బంతిపూల పొట్లమొకటి తెచ్చి బామ్మగారి చేతిలో పెట్టి ఏదో చెప్పెను. భాష తెలియకపోయినను పూలిచ్చినప్పుడు అర్థమేదో తెలియకపోదు. బామ్మగారు తలయూపి, "తొమ్మిదో అవతారమే కదా" అని నాతో అనిరి. సరిహద్దు ద్వారము దాటగానే నేను చేతిగడియారము పదునైదు నిమిషములు ముందునకు త్రిప్పుకొంటిని. నేపాల కాలము మనకన్న అంత ముందున్నది. అటు దుమ్మును ఇటు దుమ్మును ఒక్కటే, మామిడితోపులును ఒక్కటే, భోజపురి యాసయు ఒక్కటే.

లుంబినియు ఇట్టి రెండు పద్దుల వస్తువు గాకుండవలెనని ఒకప్పుడు పెద్దలు తలంచిరి. 1967లో ఐక్యరాజ్యసమితి ప్రధానకార్యదర్శి ఊ థాంట్, స్వయముగా బర్మా బౌద్ధుడు, ఇచ్చటికి వచ్చి ఆ పాడుబడిన తావును చూచి కదలిపోయి, అనేకదేశములను కలిపి లుంబిని అభివృద్ధికొక సంఘము నేర్పరచుటకు కారకుడయ్యెను. జపానుదేశపు వాస్తుశిల్పి కెంజో టాంగే 1978లో రూపకల్పన ముగించెను: మూడుమైళ్ల పొడవు, మైలు వెడల్పుగల క్షేత్రము, నడుమ తిన్నని కాలువ, కాలువకు తూర్పున థేరవాదుల విహారములు, పడమట మహాయానుల విహారములు, దక్షిణమున జన్మస్థలోద్యానము. నేడు అచ్చట నడచునప్పుడు బర్మావారి బంగారుగోపురమును, చీనావారి పెంకుటిండ్లును, జర్మనులు కట్టించిన మందిరమును ఒక్క పూటలో చూడవచ్చును. 1997లో యునెస్కో దీనిని ప్రపంచవారసత్వస్థలముగా స్వీకరించినది. ఇందరు పరాయివారు కూడి కట్టిన ఊరు మరొకటి చూపుట కష్టము. లోటు కట్టడములలో లేదు, అచ్చటికి చేరు దారిలో నున్నది.

విమానాశ్రయముల ముచ్చట మరింత విచిత్రము. 2021 అక్టోబరు 20వ తేదీని కుశీనగరమున అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. కొలంబోనుండి భిక్షువులతో వచ్చిన విమానము దానిపై మొదట దిగినది. ఏడునెలలైనను గాకమునుపే, 2022 మే 16వ తేదీని, బుద్ధపూర్ణిమనాడు, లుంబినికి దాపుననే భైరహవాలో నేపాలము గౌతమబుద్ధ అంతర్జాతీయ విమానాశ్రయమును తెరచినది. ఆనాడే భారతప్రధాని లుంబినికి వచ్చి మన దేశపు బౌద్ధకేంద్రమునకు శంకుస్థాపన చేసిరి; వారు దిగినది కుశీనగరమునుండి వచ్చిన హెలికాప్టరులో, లుంబినిలో. రెండు విమానాశ్రయములకును నడుమ కాకిదారిన నూరు కిలోమీటర్ల దూరము. రెండును ఒకే యాత్రికుని కొరకు కట్టినవి. అతడు ఒకచోట దిగి, బస్సులో తిరిగి, రెండవచోట ఎక్కిపోవునట్లు కూడబలుకుకొన్నచో రెండును నిండును. కూడబలుకుకొననందున రెంటికిని విదేశపు విమానముల రాక అరుదై, విశాలమైన హాళ్లలో శుభ్రముచేయువారి చీపుళ్ల చప్పుడు మిగిలినది. భైరహవాకు రావలసిన విమానములకు పడమటిదిక్కున భారతాకాశముమీదుగా మరికొన్ని ప్రవేశమార్గములు కావలెనని నేపాలము ఏండ్లతరబడి అడుగుచున్నది. భద్రతావిచారములు తేలికవి గావు, ఒప్పుకొందును; కాని నేలమీద తలుపు తెరచి ఆకాశమున గొళ్లెము పెట్టుకొన్న ఇల్లు చూచువారికి వింతగానే యుండును.

రైలు కొంత మెరుగు. బిహారులోని జయనగరమునుండి జనకపురము మీదుగా కుర్తా దాక 35 కిలోమీటర్ల దారిన 2022 ఏప్రిల్ 2వ తేదీ మొదలు యాత్రికుల రైలు నడచుచున్నది. ఆ సంవత్సరమే జూనులో రామాయణయాత్ర పేర ఢిల్లీలో బయలుదేరిన పర్యాటకుల రైలు అయోధ్య చూచి, సరిహద్దు దాటి సీతమ్మ పుట్టినింటికి పోయి, తరువాత రామేశ్వరము, కంచి చూచుకొని మన భద్రాచలమునకును వచ్చెను. జనకపురమునుండి భద్రాద్రికి ఒకే టికెట్టుమీద వచ్చిన పెండ్లివారిని తలచుకొన్నప్పుడు నాకు సంతోషమైనది. పెట్టెలోనుండి దిగకుండగనే దేశము దాటవచ్చునన్నమాట కాగితముమీద వ్రాసినవారు, పట్టాలమీద నడిపించినవారు ఇద్దరును ప్రశంసార్హులు.

ఇతరదేశములవారు ఈ చిక్కునుండి ఎట్లు బయటపడిరో ఒక్క ఉదాహరణము చాలును. ఆఫ్రికాలో జాంబెజీనదిమీది విక్టోరియా జలపాతము జాంబియాకు సగము, జింబాబ్వేకు సగము. ఎదురుగా నిలిచి చూచుటకు ఒక ఒడ్డు, పడుచోట అంచున నిలిచి చూచుటకు మరొక ఒడ్డు మంచివి. నడుమ వంతెన, వంతెనకు రెండుకొనల రెండు వీసాలు. 2014 నవంబరులో ఆ రెండు ప్రభుత్వములును ఉమ్మడి వీసా పెట్టినవి: 50 డాలర్లు, 30 దినములు, ఎన్నిమార్లైనను ఇటు అటు పోవచ్చును. నీరు పడుచోట గీత గీయలేమని వారికి తెలిసినది. దీనికి ఎదురుకథ మన ఇంటిలోనే యున్నది. పాకిస్తానులో గురునానకు కడపటియేండ్లు గడపిన కర్తార్‌పూరు దర్బారుకు 2019 నవంబరు 9వ తేదీని దినమునకు 5000 మంది వీసా లేకయే పోవునట్లు దారి తెరచిరి. అంతటి వైరమున అంతటి పని జరిగినందుకు నేను ముచ్చటపడితిని. 2025 మే నెల కలహములో ఆ దారి మూతపడినది.

ఇందులో తెలుగువారికేమి పనియని కొందరడుగవచ్చును. పదునేడువందల యేండ్ల క్రిందట, ఇక్ష్వాకువంశపు వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యసంవత్సరమున, నాగార్జునకొండలో బోధిసిరియను ఉపాసిక ఒక చైత్యగృహము కట్టించి, దానిని తామ్రపర్ణి, అనగా సింహళమునుండి వచ్చిన థేరులకు అంకితము చేసినది. కాశ్మీరము, గాంధారము, చీనాదేశము, వంగము, వనవాసి, యవనదేశము, ద్రమిళదేశము మొదలగువానికి ధర్మము చేరవేసినవారని ఆ థేరులను శాసనము కొనియాడుచున్నది. వారికొక సీహళవిహారమును అచ్చట నుండినట్లు అందే యున్నది. పరదేశపు అతిథులకు చైత్యగృహము కట్టించి యిచ్చిన గృహిణి మనది. ఆ శాసనము దొరకిన లోయ నాగార్జునసాగరపు నీటిలో మునిగినది. 1950లలో పురావస్తుశాఖవారు త్రవ్వి, కట్టడములలో కొన్నింటిని ఇటుకకు ఇటుకగా కొండపైకెత్తి, ఆ కొండ ద్వీపమైనప్పుడు ప్రదర్శనశాలను నెలకొల్పిరి. ఇటీవల సాగరతీరమున తెలంగాణవారు నిర్మించిన బుద్ధవనమునందు శ్రీలంకనుండి కానుకగా వచ్చిన అవుకన బుద్ధవిగ్రహపు ప్రతిరూపము నిలిచియున్నది. బోధిసిరి బదులు తీర్చుకొన్నదో, సింహళమే బదులు తీర్చుకొన్నదో చెప్పలేను. విగ్రహము వచ్చినది, విగ్రహమును చూడ సింహళయాత్రికులు వచ్చుచున్నారా యని అడిగినచో, వారి బస్సులు బుద్ధగయనుండి సునౌలికి పోవునుగాని కృష్ణాతీరమునకు తిరుగవు. అమరావతి, నాగార్జునకొండల పేర్లు ఆ యేజెంట్ల పట్టికలలో లేవు. వ్రాయించవలసినది మనమే, కొలంబో పోయి, సింహళములో అచ్చువేయించి.

ఇంతకును నేను కోరునది పెద్దది గాదు. బండ్ల సుంకము దినముచొప్పున గాక యాత్రచొప్పున కట్టించుకొని, లుంబినిలో ఒక రాత్రి నిలిచినవానికి రెండవ దినము మాఫీ చేసినచో నేపాలపు ఖజానాకు పోవునది కొంచెము, లుంబిని సత్రములకు వచ్చునది ఎక్కువ. బుద్ధక్షేత్రముల యాత్రకు వచ్చు మూడవదేశమువానికి లుంబినికి పోయి వచ్చు ఒక్క ప్రవేశమును ఆ యాత్రలో అంతర్భాగముగా లెక్కించునట్లు వీసాలో ఒక్క పంక్తి చేర్చుటకు ఢిల్లీలో పెద్ద మంత్రాలోచన అక్కరలేదు. గైడులకు ఇరుప్రభుత్వములును ఒప్పుకొను ఒకే గుర్తింపుపత్రము, సునౌలి ద్వారమున సింహళము, బర్మీసు, తాయి, తెలుగు భాషలలో నాలుగు పలకలు. ఇంతే. వీరాస్వామయ్యగారైనచో ఇవి ఒక్క మజిలీ పుటలో వ్రాసియుందురు.

ఆనాడు లుంబినిలో మాకు దొరకినవి మూడుగంటలే. మాయాదేవి మందిరమున, పాత ఇటుకగోడల నడుమ, అద్దము క్రింద కన్పట్టు గుర్తురాతిని చూచుటకు వరుసలోనే ఒక గంట పోయినది. బామ్మగారు పూలపొట్లమును వదలక పట్టుకొని, స్తంభము చుట్టునున్న కటకటాలయొద్ద వంగి, బంతిపూలు ఒక్కొక్కటిగా పెట్టిరి. పెట్టుచు తన గోత్రనామము గాక, "ఆ తెల్లచీరావిడ" అని చెప్పుకొనిరి. పుష్కరిణి ప్రక్క రావిచెట్టు క్రింద రాలిన ఆకునొకటి ఏరి రవికలో దోపుకొనిరి. మేనేజరు ఈలవేసి పిలువగా బస్సెక్కితిమి.

సునౌలికి తిరిగివచ్చునప్పటికి నా గడియారములో అయిదుం బావైనది. ద్వారమీవల టీకొట్టుగోడమీది గడియారము అయిదు చూపుచుండెను. సింహళపు బస్సు ఇంకను రాలేదు. ఆమె అదే బల్లమీద, శాలువ కప్పుకొని కూర్చుండియుండెను. బామ్మగారు ఆకు తీసి ఇచ్చిరి. ఆమె రెండుచేతులతో ఆకును తలకద్దుకొని, "సాధు, సాధు, సాధు" అనెను.

బామ్మగారు నా వైపు తిరిగి, "ఏమంటోందయ్యా?" అని అడిగిరి.

"బాగున్నదని, బామ్మగారూ."

"అయితే పద, టీ తాగుదాం. ఆవిడకూ ఒకటి చెప్పు" అనిరి. టీకొట్టువాడు మూడు టీలకు నేపాలపు రూపాయలైనను సరే, మనవైనను సరే అనెను.